ప్లేస్‌మెంట్ షేడర్ గారి దివ్యసముఖమునకు

గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తూ ఆటలోని వస్తువులకు రంగు కట్టే బుల్లి ప్రోగ్రామైన మహారాజశ్రీ షేడర్ గారికి,

గుంటూరు బ్రాడీపేట నుండి తమ విధేయుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం మర్యాదే గానీ, ఈ ఆదివారం మధ్యాహ్నమంతా తమరు మింగేశాక ఇటువైపు కుశలమేమీ మిగలలేదు.

నేను కోరినది గొంతెమ్మ కోరిక కాదు. నేను తయారుచేస్తున్న కంప్యూటర్ ఆటలో మిర్చి యార్డు పక్కన శీతల గిడ్డంగి కట్టబోయే ఆటగాడికి, మౌస్ కదిపిన చోటల్లా ఆ గిడ్డంగి పారదర్శకంగా కనిపించాలి; స్థలం ఖాళీగా ఉంటే ఆకుపచ్చగా, రోడ్డుకో కాలవకో అడ్డొస్తే ఎర్రగా మారాలి. స్థలం ఖాళీయో కాదో కొలిచి తేల్చేది ఎలాగూ ప్రాసెసర్ మీద నడిచే స్క్రిప్టు. తమరికి చేరేది 0 లేదా 1 మాత్రమే. (సందులోకి మెట్లు దించిన మా పేటలోని ఇళ్లకూ ఈ ఎరుపు వర్తిస్తే బాగుండునని నాకొక దురాశ.)

మొదట వెనుక గోడలు, లోపలి మెట్లు, దూలాలు అన్నీ ఒకదానిలోంచి ఒకటి పొడుచుకొచ్చి కనిపించాయి. పారదర్శక వస్తువులు సాధారణంగా డెప్త్ బఫర్‌లో (తెర మీది ఒక్కో చుక్క ఎంత దూరంలో ఉందో రాసుకునే పట్టికలో) తమ లోతును నమోదు చేయవు కనుక అది సహజమేనని సరిపెట్టుకుని, మొదటి పాస్‌లో, అంటే గీసే మొదటి విడతలో, రంగు వేయకుండా లోతు మాత్రమే రాసి, రెండో పాస్‌లో రంగు వేయమని తమరిని ప్రార్థించాను. పది నిమిషాల్లో అయిపోతుందని వీడియోలో చెప్పిన పెద్దమనిషి దగ్గర ఇదే పద్ధతి చక్కగా పనిచేసింది. ఆయనది పాత రెండరింగ్ పైప్‌లైన్ (బొమ్మను తెర మీద గీసే ఏర్పాటు), నాది కొత్తది అన్న సంగతి మాత్రం ఆయన చెప్పలేదు.

నా దగ్గర గిడ్డంగి మొత్తం మాయమైంది.

కోడ్ వాక్యనిర్మాణంలో దోషముంటే తమరు వస్తువంతా గులాబీ రంగు పూసి ఊరంతా చాటుతారు. ఇక్కడ గులాబీ లేదు, తప్పులు చూపే కన్సోల్‌లో ఒక్క హెచ్చరిక లేదు. ఒక విలువ ఎంతుందో చూద్దామంటే ప్రింట్ చేసే దారి లేదు. దాన్నే రంగుగా మార్చి తెర మీద పూసి, ఈ ఎరుపు 0.3 ఎరుపా, 0.5 ఎరుపా అని కళ్లు చికిలించుకోవాలి. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద 20,73,600 చుక్కలకు సెకనుకు 60 సార్లు రంగు కట్టగల మహానుభావులకు, ‘నాయనా, రెండో పాస్‌ను నేను గీయడం లేదు’ అన్న ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా? లైట్‌మోడ్ ట్యాగు (పాస్ ఏ పనికో చెప్పే చీటీ) లేని పాస్‌లు రెండుంటే ఈ కొత్త పైప్‌లైన్ మొదటిదాన్నే గీసి చేతులు దులుపుకుంటుందట. ఆ మొదటిదేమో రంగు వేయనిది! ఏది ఏ వరుసలో గీశారో చూపే ఫ్రేమ్ డీబగ్గర్ తెరిచి, జాబితాలో రెండో పాస్ లేదని నేను కనిపెట్టేదాకా మెదలకుండా కూర్చున్నావే, ఏం మనిషివయ్యా నువ్వు? మనిషివైతే కదా, చొక్కా కాలరు పట్టుకుని అడిగేవాణ్ణి.

ట్యాగు తగిలించాక వచ్చి నిలబడ్డావు. ఆకుపచ్చ అంచులు మెరుస్తుంటే గిడ్డంగి అందంగానే ఉంది, కాదనను. కానీ కాలవ మీదికి జరపగానే, అదే మెటీరియల్ (నీకు రంగు విలువలు అందించే అమరిక) వాడుకుంటున్న పాత గిడ్డంగులన్నీ దానితోపాటే ఎర్రబడ్డాయి. దానికీ నీ దగ్గర ఒక్క మాట లేదు.

ఇట్లు,
ఇంకా భోజనం చేయని తమ విధేయుడు