పద్దెనిమిది రకాల పంపులు

1980లలో కెన్యా పల్లెల తాగునీటి పథకాల్లో ఏకంగా పద్దెనిమిది రకాల పంపులు ఉండేవి. ఒక్కో దాత తనకు నచ్చిన పంపును తెచ్చి బిగించి వెళ్లాడు. విడివిడిగా చూస్తే ప్రతిదీ మంచి పంపే. వాషర్ అరిగిన రోజున అసలు చిక్కు బయటపడుతుంది. ఈ ఊరి వాషర్ పక్క ఊరి పంపుకు పట్టదు, దీని బోల్టుకు సరిపోయే పానా దానికి సరిపోదు. ఒక రకం పంపు విప్పడం నేర్చిన మెకానిక్ మిగతా పదిహేడింటి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. గుప్పెట్లో ఇమిడే రబ్బరు ముక్క దొరక్క పంపు మూలపడితే ఆడవాళ్లు మళ్లీ బిందెలెత్తుకుని వాగు దారి పడతారు.

దాతల్లో ఎవరికీ దురుద్దేశం లేదు. పక్కవాడు ఏం బిగిస్తున్నాడో అడగాలని మాత్రం తోచలేదు. తోచినా, తమ దేశపు ఫ్యాక్టరీకి దక్కే ఆర్డరును వదులుకోవడానికి మనసొప్పి ఉండదు. ఈ పాత కథను ఇప్పుడు తవ్వి తీయడానికి కారణం ఉంది. వ్యవసాయానికి, గ్రామీణాభివృద్ధికి సాయం చేసే చేతులు ఒక్కొక్కటిగా ముడుచుకుంటున్నాయి. మిగిలిన కాస్త సాయాన్నైనా దాతలు ఒకరితో ఒకరు సమన్వయం చేసుకుని ఇవ్వాల్సిన అవసరం అందుకే పెరిగింది.

1961లో పుట్టిన అమెరికా సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ కథ 2025 జులై 1తో ముగిసింది. జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న విదేశీ సాయాన్ని 2027 నాటికి 0.3 శాతానికి దించుతామని బ్రిటన్ ప్రకటించింది. సంపన్న దేశాలు 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి తీర్మానించింది 1970లో! ఇథియోపియా కరవు నేపథ్యంలో 1985లో అమెరికా నెలకొల్పిన ముందస్తు హెచ్చరికల వ్యవస్థ ఫ్యూస్‌నెట్ 2025 జనవరిలో ఉన్నట్టుండి మూగబోయింది. తిరిగి గొంతు విప్పడానికి నెలలు పట్టింది. ఎక్కడ వాన తప్పింది, ఏ సంతలో ధాన్యం ధర ఎగబాకింది అన్న దాని లెక్కలు చూసుకునే ఎన్నో సంస్థలు తిండిగింజలు ఎటు పంపాలో నిర్ణయించుకునేవి. అందరూ ఆధారపడిన దీపానికి నూనె పోసింది ఒక్కరే. ఆ ఒక్కరు చెయ్యి తీసేయగానే అందరికీ చీకటి అయింది. దశాబ్దాల తరబడి సమన్వయం జపించిన వారికి ఈ సంగతి ముందే తట్టకపోవడం విడ్డూరం.

నిజానికి పొలానికి సాయం ఎప్పుడూ నిలకడగా అందలేదు. 1979లో అభివృద్ధి సాయంలో దాదాపు 18 శాతం వ్యవసాయానికి దక్కేది. 2004 నాటికి అది 3.5 శాతానికి పడిపోయింది. 2007–08లో ధాన్యం ధరలు భగ్గుమని పలు దేశాల్లో జనం వీధుల్లోకి వచ్చాక గానీ దాతలకు పొలం గుర్తుకు రాలేదు. 2009లో ఇటలీలోని లాక్విలాలో సంపన్న దేశాల నేతలు మూడేళ్లలో 2,000 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. మరుసటి ఏడాదే ప్రపంచ బ్యాంకు గూటిలో మరో కొత్త నిధి వెలిసింది. ప్రతి సంక్షోభం ఒక బోర్డును మిగిల్చి వెళుతుంది, పాత బోర్డును ఎవరూ దించరు. ఐరాస వారివే రోమ్ నగరంలో మూడు ఉన్నాయి: 1945 నాటి ఆహార, వ్యవసాయ సంస్థ, 1961 నాటి ప్రపంచ ఆహార కార్యక్రమం, 1977 నాటి వ్యవసాయాభివృద్ధి నిధి. గ్రామీణాభివృద్ధి దాతలను ఒకచోట కూర్చోబెట్టడానికి 2003లో ప్రత్యేకంగా ఒక వేదిక కూడా ఏర్పడింది.

సమన్వయం చేసుకుంటామన్న ప్రతిజ్ఞలకైతే కొదవలేదు. 2003లో రోమ్, 2005లో పారిస్, 2008లో అక్రా, 2011లో బుసాన్ నగరాల్లో సమావేశమై వాటిని రాసుకున్నారు. పారిస్‌లో 2010కి గడువు పెట్టుకుని రాసుకున్న పదమూడు లక్ష్యాల్లో నెరవేరింది ఒకే ఒక్కటి. అది కూడా సాంకేతిక సహకారాన్ని సమన్వయపరచుకోవడం, అంటే నిపుణులను పంపే పని. ఇచ్చిన డబ్బును ఆ దేశపు ఖజానా ద్వారా, ఆ దేశపు టెండర్ నిబంధనల ప్రకారం ఖర్చు చేయనివ్వడం వంటి కష్టమైనవి అక్కడే ఆగిపోయాయి. అందరూ పల్లకీ ఎక్కేవారైతే మోసేవారెవరు?

మోసేది చివరికి పేద దేశపు వ్యవసాయ శాఖే. 2005లో ఒక్క వియత్నాంకు 791 దాత బృందాలు వెళ్లాయి. సెలవులు కలుపుకొన్నా రోజుకు రెండుకు పైమాటే. ప్రతి బృందాన్నీ ఆహ్వానించాలి, పొలం చూపించాలి, నివేదిక అందించాలి. నివేదికల నమూనాలు ఒకదానితో ఒకటి కలవవు. ఒకరికి ఎకరాల లెక్క కావాలి, ఇంకొకరికి లబ్ధిదారుల లెక్క, మరొకరికి మహిళా రైతుల శాతం విడిగా కావాలి. ఒకే కాలువ మరమ్మతును మూడు పట్టికల్లో మూడు రకాలుగా నింపే అధికారి ఆ వారం కాలువ గట్టు మీదికి వెళ్లలేడు. ఈ తాకిడి భరించలేకే టాంజానియా ప్రభుత్వం ఏటా కొన్ని నెలలను మౌన కాలంగా ప్రకటించింది. బడ్జెట్ తయారు చేసుకునే ఆ రోజుల్లో దయచేసి మా ఇంటికి రావద్దని దాతలకు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇలా మొహమాటం విడిచి చెప్పగలిగిన దేశాలు తక్కువ.

దీనికి తోడు క్యాలెండర్ల గొడవ. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, జర్మనీది జనవరి 1న, బ్రిటన్, జపాన్‌లది ఏప్రిల్ 1న. సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ రైతు జూన్ వానలకు జొన్న విత్తుతాడు. తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానలు మార్చిలో మొదలై మే నాటికి వెనుదిరుగుతాయి. దాత రాజధానిలో ఫైలు మీద సంతకం పడి, టెండర్ పిలిచి, ఓడ రేవుకు చేరి, లారీ ఊళ్లోకి వచ్చేసరికి అదును దాటిపోతుంది. అదును తప్పిన విత్తనం ఎంత మేలురకమైనా పక్షులకు మేత. ఆడిట్‌లో మాత్రం ఆ సంచి అందినట్టే లెక్క. మా దృష్టిలో సమన్వయానికి మొదటి పరీక్ష ఇదే: దాతలు వాన క్యాలెండర్‌ను అనుసరిస్తున్నారా, తమ ఖజానా క్యాలెండర్‌నా?

అయితే అందరూ ఒక్కమాట మీద నిలబడటమే మందు అని మేము అనబోవడం లేదు. 1990ల చివర మొజాంబిక్‌లో దాతలు తమ ప్రాజెక్టులను పక్కనపెట్టి వ్యవసాయ శాఖకే ఉమ్మడిగా డబ్బిచ్చారు. ప్రోఆగ్రి అని దాని పేరు. శాఖ లెక్కలు చక్కబడ్డాయి, పాలన గట్టిపడింది. చిన్న రైతు గడప దాకా చేరిన సేవ మాత్రం అంతంతే. ఇక దాతలందరూ కలిసికట్టుగా పొరబడితే? ఎరువుల సబ్సిడీలు దండగ అని, అప్పులకు షరతుగా ప్రభుత్వ ఖర్చు తగ్గించమన్న ఆర్థిక సర్దుబాటు కాలంలో వారు ఒకే గొంతుతో చెప్పారు. తిండికి కటకటలాడిన మలావి 2005లో ఆ మాటను పక్కకు నెట్టి చిన్న రైతులకు విత్తనాలకు, ఎరువులకు కూపన్లు పంచింది. ఆ తరవాతి రెండు సీజన్లలో మొక్కజొన్న విరగపండింది. అందులో మంచి వానల వాటా ఎంత, కూపన్ల వాటా ఎంత అన్న వాదన నేటికీ నడుస్తోంది. సబ్సిడీ బరువు ఆ చిన్న ఖజానాను కుంగదీసిన మాటా వాస్తవమే. మంచో చెడో ఆ నిర్ణయం మలావిది, దానికి జవాబుదారీ కూడా మలావి ప్రభుత్వమే. దాతల ఉమ్మడి సలహా వికటిస్తే ఓటు వేసి దించడానికి రైతుకు ఎవరూ దొరకరు.

కనుక సమన్వయం చేసే పెత్తనం దాతల కమిటీ చేతిలో కాక సాయం అందుకునే దేశం చేతిలో ఉండాలన్నది మా వాదన. రువాండా ఆ పని చేసి చూపింది: ఒక్కో దాత మూడు రంగాలకు మించి వేలు పెట్టరాదని గీత గీసింది. పంపుల సంగతికే వస్తే, 1970లలో యూనిసెఫ్ తోడ్పాటుతో భారత్‌లో రూపొందిన మార్క్–2 చేతిపంపుకు పేటెంటు పెట్టలేదు. ఎవరైనా తయారు చేసుకోవచ్చు, విడిభాగాలు ఒకదానివి మరోదానికి సరిపోతాయి. అది ఆఫ్రికా పల్లెల దాకా వెళ్లింది. అది సాధ్యమైనప్పుడు విత్తన పరీక్షలకు, నేల పటాలకు, ధరల సమాచారానికి ఎందుకు కాదు? ఫ్యూస్‌నెట్ వంటి వ్యవస్థ ఖర్చును పలు దేశాలు పంచుకోవడం ఇప్పుడు దాతల ముందున్న అతి చవకైన పని.

అందుకునే దేశాలకూ పెత్తనం ఊరికే రాదు. బడ్జెట్‌లో పది శాతం వ్యవసాయానికి కేటాయిస్తామని ఆఫ్రికా దేశాలు 2003లో మొజాంబిక్ రాజధాని మపుటోలో మాట ఇచ్చాయి. ఏ ఏడాది చూసినా ఆ గీత దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఐరాస సంస్థల అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో 67.3 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. 2025 జనవరిలో ఉగాండా రాజధాని కంపాలాలో ఆఫ్రికా నేతలు 2026 నుంచి 2035 వరకు మరో వ్యవసాయ ప్రణాళికను ఆమోదించారు. అందులో ఏ పద్దుకు ఏ ఆర్థిక మంత్రి సొంత ఖజానా నుంచి ఎంత రాస్తాడో చూశాకే, దాతల సంచి ఎంత విప్పాలన్న బేరం మొదలుకావాలి.