సవరణ: లిగ్నిన్‌ను ఛేదించే శిలీంధ్రాలు ఉన్నాయి

లిగ్నిన్ అంటే మొక్కల కణగోడలకు గట్టిదనం ఇచ్చే పదార్థం. కిందటి పోస్టులో "మొక్కల కణగోడలోని లిగ్నిన్‌ను ఏ సూక్ష్మజీవీ ఛేదించలేదు" అన్న వాక్యం ఉంది. దాన్ని "చాలా సూక్ష్మజీవులు ఛేదించలేవు, కొన్ని శిలీంధ్రాలు ఛేదించగలవు" అని మార్చి చదువుకోండి.

లిగ్నిన్ అంత మొండిగా ఉండటానికి కారణం దాని అల్లికలో క్రమం లేకపోవడమే. కణగోడలో పోగులుగా ఉండే సెల్యులోజ్‌లో గ్లూకోజ్ అణువులు ఒకే రకం బంధంతో వరసగా ఉంటాయి. లిగ్నిన్‌లో ప్రధానంగా మూడు రకాల ఆల్కహాల్ అణువులు రకరకాల బంధాలతో చిక్కుపడి ఉంటాయి, ఒక్క తాళంచెవితో తెరుచుకునే తలుపు కాదది. పైగా సెల్యులోజ్ పోగుల సందులన్నీ నింపేస్తుంది కాబట్టి ఆ పోగుల్ని తినే ఎంజైములకూ దారి దొరకదు. నన్నడిగితే అసలు రక్షణ ఇదే.

చెక్కకు తెల్ల కుళ్లు కలిగించే శిలీంధ్రాలు మాత్రం పెరాక్సిడేజ్ ఎంజైములతో, హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో లిగ్నిన్‌ను ఆక్సీకరించి ముక్కలు చేస్తాయి. అలాంటి ఎంజైము ఒకటి 1983లోనే బయటపడింది. ఈ శిలీంధ్రాలు పట్టిన దుంగ పాలిపోయి పీచుపీచుగా ఊడొస్తుంది. గోధుమ కుళ్లు శిలీంధ్రాల తీరు వేరు: సెల్యులోజ్‌ను ఖాళీ చేసి, లిగ్నిన్‌ను కాస్త మార్చి వదిలేస్తాయి. చెక్క చదరపు పెళ్లలుగా పగిలి, వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది.

లిగ్నిన్ "ప్రతి కణగోడలో" ఉంటుందని ఆ పోస్టులో అన్న మాట కూడా తీసేయండి. ఎదుగుతున్న లేత కణాల గోడల్లో లిగ్నిన్ సాధారణంగా ఉండదు, ఉంటే అవి సాగలేవు. ఎదుగుదల ఆగాక, ముఖ్యంగా నీటిని మోసే దారునాళాల్లో, మొదటి గోడకు లోపలివైపు ఏర్పడే ద్వితీయ గోడతోపాటు చేరుతుంది.