‘అనుమానాస్పద మృతి’ అని రాస్తే కేసు మాఫీ అయినట్టేనా?

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: ఎఫ్‌ఐఆర్‌లో ‘అనుమానాస్పద మృతి’ అని రాశారంటే పోలీసులు అమ్ముడుపోయినట్టే. కొత్త చట్టంలో 302 (పాత ఐపీసీలో హత్య సెక్షన్) ఎత్తేసి హత్యను తేలిక చేశారు. మనిషిని చంపితే మర్డరే, మిగతా పేర్లన్నీ లాయర్ల ఆట. యావజ్జీవం అంటే ఏడేళ్లే. కింద ‘పది మందికి పంపండి’ అని మామూలే.

మొదటి మాట చూద్దాం. జీడితోటలోనో నూతిలోనో శవం దొరికిన రోజున అది హత్యో, ఆత్మహత్యో, ప్రమాదమో ఎవరికీ తెలీదు. అందుకే నాగరిక్ సురక్షా సంహిత (పోలీసు దర్యాప్తు ఎలా నడవాలో చెప్పే చట్టం) సెక్షన్ 194 కింద కేసు కట్టి శవ పంచనామా చేస్తారు. మెడ మీద కమిలిన గుర్తు ఏ వైపుంది, చెప్పులు ఎక్కడ పడున్నాయి, అన్నీ అందులో రాయాలి. పోస్టుమార్టంలో తేలకపోతే పేగులు, కాలేయం ముక్కలు సీసాల్లో పెట్టి విశాఖ ఫోరెన్సిక్ ల్యాబుకి పంపుతారు. విషమని తేలితే, పెట్టినవాళ్లున్నారని దర్యాప్తులో బయటపడితే, అదే ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్ మార్చి కోర్టుకి మెమో వేస్తారు. అనుమానించాల్సింది ఆ పేరుని కాదు. పంచనామాలో గాయాలు వదిలేశారా, పోస్టుమార్టం లేకుండా హడావుడిగా దహనం చేయించారా, అది చూడాలి. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అసలు కేసే కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా పని జరక్కపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

302 సంగతి చిన్నదే, నంబరు మారింది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో హత్య 103. శిక్ష పాతదే: ఉరి లేదా యావజ్జీవం, పైన జరిమానా. తేలిక చేశారనేవాళ్లు ఇంకోటి చూడాలి. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐపీసీలో గరిష్ఠం రెండేళ్లు, ఇప్పుడు ఐదేళ్లు. ఇక కొత్త 302 అంటే మత విశ్వాసాలను గాయపరిచే మాటలు, కాబట్టి తగాదాలో ‘త్రీ నాట్ టూ పెట్టిస్తా’ అనేవాళ్లు కాస్త చూసుకోవాలి. ఫోర్ ట్వంటీ అయితే అసలు లేనే లేదు, మొత్తం సెక్షన్లే 358. తిట్టుగా మాత్రం దానికి ఢోకా లేదు. 2024 జూలైకి ముందు జరిగిన నేరాలు పాత నంబర్లతోనే నడుస్తున్నాయి, పేపర్లో రెండు రకాలూ కనపడేది అందుకే.

అసలు గందరగోళమంతా మూడో మాటలో, అంటే ‘చంపితే మర్డరే’ అన్నదాంట్లో ఉంది. పొలం గట్టు దగ్గర నీళ్ల కోసం మాటా మాటా పెరిగి, ఒకడు చేతిలో ఉన్న పార తిరగేసి ఒక్కటిచ్చాడు. అవతలివాడు మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. ఇంకోచోట ముందురోజే కత్తి నూరించి, దారి కాచి, నాలుగు పోట్లు పొడిచారు. రెండుచోట్లా పోయింది ప్రాణమే. అయినా ముందు ఆలోచన లేకుండా, అప్పటికప్పుడు కొట్లాటలో, ఆవేశంలో జరిగి, క్రూరంగా ప్రవర్తించకపోతే అది హత్య కాని నరహత్య, సెక్షన్ 105. అదేమీ వదిలేయడం కాదు, యావజ్జీవం దాకా పడొచ్చు.

మన వైపు ‘హాఫ్ మర్డర్’ అంటారే, సగం హత్య ఏ చట్టంలోనూ లేదు. ఉన్నది హత్యాయత్నం, 109. అక్కడ చూసేది చంపాలన్న ఉద్దేశం ఉందా అని. పది కుట్లు పడ్డా ఆ ఉద్దేశం రుజువు కాకపోతే అది గాయపరచడం కిందికే వస్తుంది. పెద్ద సెక్షన్ పడాలని తగాదాలో లేని అన్నదమ్ముల్నీ బావమరిదినీ కలిపి రాయించే ఊరి పెద్దలున్నారు. క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నలడిగేటప్పుడు, ఆ ఒక్క అబద్ధం దొరికితే నిజం చెప్పిన సాక్షిని కూడా నమ్మడం కష్టమవుతుంది.

ఈ విషయంలో పేపర్లూ తక్కువ తినలేదు. ఖాళీ ఇంటి తాళం పగలగొట్టి నగలు పట్టుకుపోతే ‘భారీ దోపిడీ’ అని హెడ్డింగ్ పెడతారు. అది చోరీ. మనిషిని కొట్టో బెదిరించో లాక్కుంటే దోపిడీ, ఐదుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి చేస్తే బందిపోటు నేరం.

చివరిది, యావజ్జీవం అంటే ఏడేళ్లే అన్న మాట. పద్నాలుగేళ్లని పగలొక రోజు, రాత్రొక రోజు అని లెక్కేసి ఏడు చేస్తారు. అలాంటి లెక్క ఏ జైల్లోనూ లేదు. యావజ్జీవం అంటే మిగిలిన జీవితమంతా అని సుప్రీంకోర్టు 1961లో గోపాల్ గోడ్సే కేసులోనే చెప్పింది. మరి 14 ఏళ్ల మాట ఎక్కడిదంటే, ఉరికి కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడితే 14 ఏళ్లు నిండకుండా ప్రభుత్వం వదలకూడదని 1978లో చట్టంలో చేర్చారు. పద్నాలుగు నిండాక కూడా గేటు దానంతటది తెరుచుకోదు, ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి.