ఆ అరనిమిషం ఎందుకు ఇవ్వరు?

'నాకు సంగీతం ఇష్టం' అని స్పానిష్‌లో చెప్పాలంటే 'మే గుస్తా లా మూసికా' అనాలి. ఇంగ్లిష్ మీదుగా నేర్పే తరగతిలో బండి ఇక్కడే ఆగుతుంది. 'ఐ లైక్'లోని 'ఐ' ఏమైందో, సంగీతం కర్త ఎలా అయిందో బోర్డు మీద బాణాలు గీసి చెబుతారు. తెలుగు వచ్చిన పిల్లకి అరనిమిషం చాలు. 'మే' అంటే నాకు, 'గుస్తా' అంటే నచ్చుతుంది. అయిపోయింది! కానీ ఆ మాట పైకి అనకూడదు. తరగతిలో సొంత భాష నిషేధం.

1878లో బెర్లిట్జ్ అనే భాషల టీచరు అమెరికాలో బడి పెట్టి, అనువాదం లేకుండా నేర్పడాన్ని వ్యాపారంగా నిలబెట్టాడు. వ్యాకరణం బట్టీ పట్టించే రోజుల్లో అది మంచి మార్పే. తర్వాత ఆ పద్ధతి కాస్తా మడి అయి కూర్చుంది.

వారానికి దొరికే మూడు నాలుగు గంటలూ కొత్త భాషకే దక్కాలంటారు టీచర్లు. కాదనను. గంటంతా సొంత భాషలో ఊదరగొట్టి చివర్లో రెండు స్పానిష్ వాక్యాలు చదివించమని ఎవరూ అనడం లేదు. అడిగేది ఆ అరనిమిషమే.

ఆ అరనిమిషంలో ఏం జరుగుతుందో చూడండి. 'మీ ఇంట్లో దీన్ని ఎలా అంటారు?' అని అడిగితే రష్యన్ కుర్రాడు 'మ్నే న్రావిత్సా' అంటాడు, హిందీ అమ్మాయి 'ముఝే పసంద్ హై' అంటుంది. రెండింటిలోనూ 'నాకు' ఉంది. వింతగా ఉన్నది స్పానిష్ కాదు, ఇంగ్లిషేనని గదంతటికీ తెలిసిపోతుంది. ఒక భాషలో పట్టు మరో భాషకు ఊతమవుతుందని భాషా విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే వాదించాడు. మనం మాత్రం ఇంకా ఆ ఊతకర్రను గుమ్మం బయటే పెట్టి రమ్మంటున్నాం.

ఇంతకీ నేర్పుతున్నది ఎవరి స్పానిష్? 20 దేశాల్లో అధికార భాషగా చలామణి అవుతోంది. ఎక్కువమంది మాట్లాడేది మెక్సికోలో. అయినా చాలా పుస్తకాలకు స్పెయినే కేంద్రం. లాటిన్ అమెరికాలో మాటల్లో వాడని 'వొసోత్రోస్' (బహువచనంలో 'మీరు') రూపాలు వారాల తరబడి వల్లె వేయిస్తారు. అర్జెంటీనాలో అందరూ అనే 'వోస్' (నువ్వు) మాత్రం అధస్సూచికలో పడి ఉంటుంది.

ఈ రెండు జబ్బులకూ మూలం ఒకటే: 'అసలైన' వక్త ఒకడున్నాడన్న భ్రమ. యూరప్ కౌన్సిల్ 2020లో తన భాషా ప్రమాణాల వివరణల్లోంచి 'నేటివ్ స్పీకర్' అన్న కొలబద్దను తీసేసింది. టీచర్ ఉద్యోగ ప్రకటనల్లో అది ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ భాషను పెద్దయ్యాక నేర్చుకుని, 'మే గుస్తా' దగ్గర తానూ ఒకప్పుడు తడబడిన మనిషి దరఖాస్తు అక్కడే ఆగిపోతోంది.