పెళ్లికి ఏం కట్టుకోవాలో ఎవరు చెప్పాలి?

మా అన్నయ్య కూతురి పెళ్లి కుదిరిన వారానికే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక పట్టిక వచ్చింది. మెహందీకి ఆకుపచ్చ, హల్దీకి పసుపు, సంగీత్‌కు మెరిసేవి ఏవైనా, ముహూర్తానికి పట్టు, రిసెప్షన్‌కు మగవాళ్లు సూటు, ఆడవాళ్లు లేత రంగులు. అయిదు సందర్భాలు, మనిషికి అయిదు జతలు. ఇంట్లో నలుగురుంటే ఇరవై జతలు. ఆ రాత్రే మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నా దగ్గరున్న ఆకుపచ్చ చీర మొన్న గృహప్రవేశానికి కట్టేశాను. ఫొటోల్లో అందరూ చూశారు. ఇప్పుడెలా?" అంది. గొంతులో నిజంగా టెన్షన్ ఉంది. వాళ్లాయనకు ఉద్యోగం పోయి ఆరు నెలలైంది. ఏదో ఒక సాకు చెప్పి పెళ్లికి రాకుండా ఉందామా అనుకున్నానని చివర్లో మెల్లగా చెప్పింది.

బట్టల కోసం సొంత మనిషి పెళ్లికి రావడం మానుకోవాలనుకోవడం నన్ను చాలా బాధపెట్టింది. పెళ్లికి ఏం కట్టుకోవాలన్నది ఎవరికి వాళ్లు తమ ఒళ్లు, వయసు, చేతిలో డబ్బు, ఇష్టం చూసుకుని తేల్చుకోవలసిన సంగతి. ఆ నిర్ణయం మెల్లమెల్లగా ఆల్బమ్ చేతికి పోతోంది. ఫొటోలో గుంపంతా ఒకే రంగులో కనబడాలి, పోయినసారి కట్టింది మళ్లీ కనబడకూడదు. ఈ రెండు షరతులు ఎవరూ రాసి పెట్టకపోయినా అందరూ పాటిస్తున్నారు.

తెలుగు పెళ్లిలో అన్నిటికన్నా ముఖ్యమైన బట్ట ఏది? చాలామంది ముహూర్తం పట్టుచీర అంటారు. నా దృష్టిలో అది మధుపర్కం. తెల్లటి నూలు బట్ట, ఎర్ర అంచు, పసుపు నీళ్లలో ముంచి ఆరేసింది. మా వైపు చాలా ఇళ్లలో మంగళసూత్రం కట్టేదీ, తలంబ్రాలు పోసుకునేదీ ఆ బట్టలతోనే. పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ ఒకే రకం బట్ట. పెళ్లి మొత్తంలో పెద్ద ఘట్టానికి బహుశా అన్నిటికన్నా చవకైన గుడ్డను ఎంచుకున్నారు మన పెద్దలు. నాకు ఆ ఎంపిక మీద చాలా గౌరవం. ఇప్పుడు మధుపర్కాలకు కూడా జరీ అంచులు, అద్దాలు, రాళ్లు వచ్చేశాయి.

నలుగు సంగతీ అంతే. నలుగు పెట్టేటప్పుడు పెళ్లికూతురికి పాత చీరో, పాడైనా ఫర్వాలేదనుకున్నదో కట్టించేవాళ్లు. పసుపు మరక అంత సులువుగా పోదు కదా. చుట్టూ ఉన్న ముత్తైదువలు ఇంట్లో కట్టుకున్న చీరలతోనే వచ్చి, నూనె చేతులతో పాటలు పాడేవాళ్లు. అదే తంతు హల్దీ అయ్యాక పసుపు పచ్చ లెహంగాలు, కుర్తాలు కొని వేసుకోవాల్సి వస్తోంది. పసుపు మాత్రం బుగ్గ మీద ఒక చుక్క పెట్టి ఊరుకుంటారు, కొత్త బట్టలకు అంటుకుంటుందని.

ఒకప్పుడు అంతా స్వేచ్ఛే అని నేను అనడం లేదు. ఎవరు ఎంత ఖరీదు చీర కట్టారు, పెట్టుబడి చీర ఎవరికి ఏ రకం పెట్టారు అనే లెక్కలు అప్పుడూ ఉన్నాయి, గొడవలూ అయ్యాయి. కానీ ఉన్న ఒక్క పట్టుచీరనే పదేళ్లపాటు ప్రతి పెళ్లికీ కట్టుకోవడం ఎవరికీ తప్పుగా అనిపించేది కాదు. మా అమ్మకు వంకాయ రంగు చీర ఒకటి ఉండేది. బంధువులు ఆ చీరను బట్టే దూరం నుంచి ఆమెను గుర్తుపట్టేవాళ్లు.

అసలు మన చేనేత చీరలు ఒక్కసారి కట్టి దాచుకోవడానికి నేసినవి కావు. గద్వాల చీరనే తీసుకోండి. ఒంటికి నూలు, అంచుకూ పైటకూ పట్టు. ఆ రెంటినీ నేతలోనే కలుపుతారు. ఎండలో ఒంటికి చల్లగా ఉంటుంది, చూడ్డానికి పండగలా ఉంటుంది, రోజంతా కట్టుకుని వడ్డనలు చేసినా బరువనిపించదు. ఉప్పాడ జాందానీ చీర నిండా పువ్వులున్నా చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటుంది. వెంకటగిరి సన్న నూలు, మంగళగిరి నిజాం అంచు, పోచంపల్లి ఇక్కత్, అన్నీ ఏళ్ల తరబడి కట్టేవే. పోచంపల్లి ఇక్కత్‌కు దాదాపు ఇరవై ఏళ్ల కిందటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ తర్వాత ఉప్పాడకు, గద్వాలకు కూడా వచ్చింది. ఆ గుర్తింపు పేరుకు రక్షణ ఇస్తుంది. చీరను బీరువాలోంచి బయటికి తీయాల్సింది మాత్రం మనమే.

ఈ పదేళ్లలో నేను చూసిన పెద్ద మార్పు చీరలో కాదు, జాకెట్టులో వచ్చింది. చీర అంటే కుట్టని బట్ట. అమ్మది కూతురు కట్టుకోవచ్చు, అక్కది చెల్లెలు కట్టుకోవచ్చు, కాన్పు ముందూ తర్వాతా అదే చీర సరిపోతుంది. మగ్గం వర్క్ జాకెట్టుకు ఆ వీలు లేదు. కొంచెం ఒళ్లు చేస్తే పట్టదు. లోపల గుడ్డ వదిలి కుట్టమన్నా రాళ్ల బరువుకు చంకల దగ్గర గీరుకుంటుంది. ఉతకడం కుదరదు. నేను విచారించిన చోట రెండు మూడు వేల దగ్గర మొదలై ఇరవై వేలు దాటిపోయింది. చీర కన్నా జాకెట్టుకే ఎక్కువ పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. అంటే డబ్బంతా పది మందికి పది కాలాలు పనికొచ్చే బట్ట నుంచి, ఒక్క మనిషికి ఒక్క పూట పనికొచ్చే బట్ట మీదికి పోయింది. అన్నట్టు, పేరులో మగ్గం ఉన్నా అది నేత మగ్గం కాదు. బట్టను బిగించి సూదితో పని చేసే చట్రం అది. ఆ పని చేసేవాళ్ల వేళ్లు, కళ్లు ఎంత అలసిపోతాయో దగ్గర కూర్చుని చూశాను. వాళ్ల నైపుణ్యం మీద నాకు ఏ చిన్నచూపూ లేదు. వద్దనుకునేవాళ్లకు వద్దనే వీలు ఉండాలన్నదే నా మాట.

మగవాళ్ల సంగతికి వస్తే, వాళ్లకు ఖర్చు తక్కువ, ఉక్కపోత ఎక్కువ. మన పెళ్లిళ్లలో చాలా భాగం వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లోనే. మే నెలలో విజయవాడలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ వేడిలో లైట్ల కింద సూటు, టై వేసుకుని మూడు గంటలు నిలబడే పెళ్లికొడుకును చూస్తే జాలేస్తుంది. మర్యాదగా కనబడాలంటే కోటు ఉండాలన్న నమ్మకం ఇంగ్లిషువాళ్ల క్లబ్బుల నుంచి వచ్చింది. న్యాయవాదుల నిబంధనల్లోనే సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదని ఉంది. 2010లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవ వేదిక మీదే అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ గౌను తీసేసి, అది వలస పాలన మిగిల్చిన గుర్తు అన్నారు. 2014 జులైలో చెన్నైలో ఒక క్రికెట్ సంఘం క్లబ్బు మాత్రం ఆ పాత నమ్మకాన్నే పట్టుకుని వేలాడింది. పుస్తకావిష్కరణకు వచ్చిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంథామన్‌ను పంచె కట్టుకున్నారన్న కారణంతో లోపలికి రానివ్వలేదు. మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టుకున్నవాళ్లను బహిరంగ స్థలాల్లోకి రానివ్వకపోతే ఏడాది దాకా జైలు, 25 వేల రూపాయల దాకా జరిమానా.

మనకు చట్టం అవసరం పడలేదు. ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి పంచెకట్టులోనే సచివాలయానికి వెళ్లారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో నూలు వడికి నేసే సన్న ఖాదీ పంచెలను మించిన వేసవి బట్ట ఉంటుందని నేననుకోను. అయినా మన రిసెప్షన్లలో పంచెకట్టుకు చోటు తగ్గిపోయింది. ముహూర్తానికి పంచె, సాయంత్రానికి సూటు అని ఎవరో విభజించి పెట్టినట్టు నడుస్తోంది.

అందరూ కట్టిందే కట్టుకుంటే నేతన్నల బతుకేంకావాలి అని ఒక మిత్రురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. కానీ ఒక్క పూట థీమ్ కోసం కొనే పసుపు లెహంగా, మెరుపుల గౌను చాలావరకు పాలిస్టరే, యంత్రాల మీద వచ్చిందే. ఆ డబ్బులో పోచంపల్లికో ధర్మవరానికో పైసా చేరదు. అలాంటి అయిదు జతల డబ్బుతో ఒక మంచి చేనేత చీర కొని పదిహేనేళ్లు కట్టుకుంటే, నేసినవాళ్లకూ కట్టినవాళ్లకూ మేలు.

ఇక్కడిదాకా రాసినప్పుడు, ఆ పట్టిక పూర్తిగా చెడ్డదనే నా అభిప్రాయం. మా మేనత్త ఆ అభిప్రాయాన్ని కొంచెం మార్చింది.

మామయ్య పోయి పన్నెండేళ్లు. అప్పటి నుంచి ఆమె ఏ శుభకార్యానికి వచ్చినా బూడిద రంగో, వెలిసిన గోధుమ రంగో కట్టుకుని, మండపానికి దూరంగా వంటల వైపు కూర్చుంటుంది. ఎవరూ ఆమెను అలా ఉండమని నోరు తెరిచి చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయేలా మనం పెంచుతాం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. నూట నలభై ఏళ్లు దాటినా, భర్త పోయిన మనిషి పెళ్లికి ఎర్ర చీర కట్టుకోవాలంటే ఇంకా వెనకా ముందూ చూసుకోవాల్సి వస్తోంది. వాట్సాప్ పట్టిక చూసి అత్త నన్ను పక్కకు పిలిచి అడిగింది: "హల్దీకి అందరూ పసుపే అన్నారు కదా, అందరూ అంటే నేను కూడానా?" నువ్వు కూడా అన్నాను. ఆమె ముఖం చూడాల్సింది. థీమ్ అన్నారు గనక ఎవరూ వేలెత్తి చూపించలేరని ఆమెకు ధైర్యం వచ్చింది. నేను కోపగించుకున్న అదే జాబితా ఆమెకు అనుమతి పత్రం అయింది.

అందుకని రంగుల సరదా మొత్తం మానేయమని అన్నయ్యతో చెప్పలేకపోయాను. పిన్ని కూతురి ఫోన్ సంగతి పేరు చెప్పకుండా మేనకోడలికి చెప్పాను. పిల్ల తెలివైనది. మర్నాడే గ్రూపులో తనే రాసింది: "రంగులు సరదాకే. ఎవరూ కొత్తవి కొనకండి. మీ దగ్గరున్నది, మీకు హాయిగా ఉన్నది కట్టుకుని రండి. పాత చీరల్లో వస్తే నాకు ఇంకా ఇష్టం." తను కూడా మెహందీకి వాళ్లమ్మ నిశ్చితార్థం చీర కట్టుకుంది, మామూలు జాకెట్టుతో.

పిన్ని కూతురు గృహప్రవేశం నాటి ఆకుపచ్చ చీరతోనే వచ్చింది. రిసెప్షన్‌లో సగం మంది మగవాళ్లు పంచెల్లో కనిపించారు. హల్దీకి అత్త పసుపు పచ్చ మంగళగిరి చీర కట్టుకుంది, కానీ ఫొటోలో చివరనే నిలబడింది.

ముహూర్తానికి పట్టు అన్నారే గానీ ఏ రంగూ చెప్పలేదు. తెల్లవారుజామున నాలుగింటికి నా గది తలుపు తట్టింది అత్త. బీరువా అడుగున పన్నెండేళ్లుగా ఉన్న మిరపపండు రంగు ధర్మవరం చీర కట్టుకుని ఉంది. "కుచ్చిళ్లు సమంగా వచ్చాయా, చూడవే" అంది.