గాలి లేని దానం

వాడని సైకిలు అనేది ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. నమ్మకపోతే ఏ ఇంటి తలుపైనా తట్టి, "మీ బాల్కనీలో ఊరికే పడున్న సైకిలు ఇస్తారా అండీ?" అని అడిగి చూడండి. అది ఊరికే పడి లేదని వెంటనే తెలిసిపోతుంది. హ్యాండిలు మీద తువ్వాళ్ళు ఆరుతుంటాయి, క్యారియరు మీద ఎవరూ చదవని పత్రికలు కట్టలు కట్టి ఉంటాయి. పైగా ఇంటాయన పొట్ట తగ్గించుకుందామని ఎప్పుడో చేసుకున్న సంకల్పానికి మిగిలిన ఏకైక సాక్ష్యం అదే. "వచ్చే నెల నుంచి తొక్కుదామనుకుంటున్నానండీ" అంటాడాయన, సైకిలుకు అడ్డంగా నిలబడి. "ఏ సంవత్సరంలో వచ్చే నెల?" అని లోపల్నుంచి ఆవిడ అడుగుతుంది. ఆ సంభాషణలో బయటివాళ్ళు తలదూర్చకూడదు.

కాబట్టి కాలనీలో సైకిళ్ళ దానం తలపెట్టేవాళ్ళకు నా మొదటి సలహా, మంచి సైకిళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దని. మంచిది ఎవరూ ఇవ్వరు. ఇచ్చారంటే అది అత్త సొమ్ము అల్లుడి దానమే. హాస్టల్లో ఉన్న కొడుకుదో, ఉద్యోగానికి వేరే ఊరెళ్ళిన తమ్ముడిదో అయ్యుంటుంది. వాడు సెలవులకొచ్చి "నా సైకిలేది?" అని గ్రూపులో మెసేజి పెట్టేదాకా దాతగారు ప్రశాంతంగా నిద్రపోవచ్చు.

ఏర్పాట్లు పెద్ద కష్టమేం కాదు. జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ఐక్యరాజ్య సమితి 2018లోనే ప్రకటించి, తేదీ మీద జరగాల్సిన గొడవను తప్పించింది. ఇక మిగిలింది బ్యానరు మీద ఎవరి ఫొటో పెద్దగా ఉండాలన్న టెన్షన్ ఒక్కటే. అది తేలాక, గాలి పంపు ఎవరు తెస్తారన్న ప్రశ్న రావాలి. సాధారణంగా రాదు.

ఆ రోజు పొద్దున వచ్చే సరుకును చూస్తే మాత్రం చరిత్ర మీద గౌరవం పెరుగుతుంది. సైకిళ్ళకు గాలి టైర్లు 1888లో డన్‌లప్ పుణ్యమా అని వచ్చాయి. మొదటి వరసలో ఏ టైరులోనూ గాలి లేదు కనక ఆ వరసంతా అంతకు ముందు కాలానిదని గ్రహించాలి. చైనుతో వెనక చక్రం తిరిగే సైకిలుకు ఇప్పటి రూపం స్థిరపడింది 1885లో, స్టార్లీ తయారుచేసిన రోవర్ అనే సైకిలుతో. రెండో వరసలో చైన్లు లేవు, అంటే 1885 కూడా దాటి వెనక్కి వెళ్ళామన్నమాట. గోడకు చేరేసినవాటికి పెడళ్ళే లేవు. 1817లో కార్ల్ ఫాన్ డ్రైస్ చేసిన రెండు చక్రాల బండికీ పెడళ్ళు ఉండేవి కావు, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవడమే. అయితే డ్రైస్‌గారి బండికి హ్యాండిలు అటూ ఇటూ తిరిగేది. మన దాతలు తుప్పుతో దాన్నీ బిగించేసి, ఆయన కన్నా వెనక్కి వెళ్ళగలిగారు.

ప్రతి సైకిలుతో పాటూ ఒక వాక్యం కూడా దానంగా వస్తుంది. "కొంచెం నూనె వేస్తే చాలండీ, కొత్తదే." బ్రేకు నొక్కితే లివరు లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది, ఎందుకంటే తీగ తుప్పు పట్టి తొడుగుకు అంటుకుపోయింది. కొంచెం నూనె వేస్తే చాలు. గాలి లేకుండా ఏళ్ళ తరబడి నిలబెట్టినందుకు బరువంతా టైరులో ఒకే మడత మీద పడి, అక్కడ రబ్బరు చిట్లింది. నూనె!

నిజానికి వీటిలో చాలావాటిని బాగుచేయొచ్చు. ప్రమాదమంతా అక్కడే ఉంది, ఎందుకంటే వాలంటీర్లకు ఆ విషయం తెలుసు. కుడి పెడలు మామూలు బోల్టు ఊడే వైపే ఊడుతుంది. ఎడమ పెడలుకు మర ఎదురు దిశలో ఉంటుంది, తొక్కుతూ పోతుంటే వదులు కాకుండా. అంటే దాన్ని విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. ఇది తెలియని ఒక సేవాతత్పరుడు స్పానరు పడతాడు. ఇంకొకాయన బలం చాలదని స్పానరు చివర ఇనప గొట్టం తొడుగుతాడు. మూడో ఆయన బండి కదలకుండా వెనక చక్రం మీద కూర్చుంటాడు. ముగ్గురూ చెమటలు కక్కుతూ ఆ పెడలును ఎంత శ్రద్ధగా బిగిస్తారంటే, అదిక ఈ యుగంలో ఊడదు. గ్రూపులో ఆ ఫొటో కింద "టీమ్ వర్క్" అని పడుతుంది, చప్పట్ల బొమ్మలతో.

ఈలోగా టైర్లు తేవడానికి ఒకాయనను పంపిస్తారు. అన్నీ 26 అంగుళాలవే కదా అని ఒకే రకం పట్టుకొస్తాడు. 26 అనేది పేరుకే ఒకటి. 26 ఇంటూ 1.75 అని ఉన్న టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు, 26 ఇంటూ 1 3/8 అని ఉన్నదానికి 590. టైరు పక్కన చిన్న అంకెల్లో ఆ కొలత రాసే ఉంటుంది గానీ, చదవాలంటే మట్టి తుడవాలి. మూడు సెంటీమీటర్ల తేడాను సేవాభావంతో సాగదీయడం ఎవరైనా ఒక్కసారి చూసి తీరాల్సిన దృశ్యం.

పుచ్చుకునేవాళ్ళు ఏమనుకుంటారని కొందరికి సందేహం రావచ్చు. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు, ఉచితంగా ఇచ్చిన సైకిలుకు బ్రేకు పట్టడం లేదనడం మర్యాదేనా? బ్రేకు అనేది ఆగాలనుకునేవాళ్ళకు. జీవితంలో ముందుకు పోవాలనే కదా మనం ఇస్తున్నది.

ఒక పొరపాటు మాత్రం చేయకండి. సైకిల్ షాపు తాతను ముందుగా పిలవకండి. ఆయన బ్యానరు వైపు కూడా చూడడు. ముందు చక్రాన్ని బెత్తెడు ఎత్తి నేల మీదకు వదిలి, ఎక్కడ గలగలమంటుందో చెవి పెట్టి వింటాడు. బ్రేకు రబ్బరు పక్కన బొటనవేలు ఆనించి చక్రం తిప్పి, రిమ్ము ఎక్కడ వేలికి తగులుతుందో చూస్తాడు. తర్వాత చాక్‌పీసుతో గీతలు పెడుతూ పోతాడు. "ఇది బతుకుద్ది. ఇది బతకదు. దీని చక్రం తీసి దానికేస్తే రెండూ కలిపి ఒకటవుద్ది." అంటే పోగైన వంద సైకిళ్ళు ఆయన చేతిలో పడి ముప్పయ్యో నలభయ్యో అవుతాయి. తొక్కదగ్గవే అవుతాయి, కాదనను. కానీ వంద అని బ్యానరు అచ్చయిపోయింది, ముఖ్య అతిథిగారి ప్రసంగంలోనూ వందే ఉంది.

పైగా ఆయన కూలీ అడుగుతాడు. కమిటీ మనసు అక్కడే విరిగిపోతుంది. బ్యానరువాడికి బేరమాడకుండా ఇచ్చాం, కుర్చీలవాడికి అడ్వాన్సు ఇచ్చాం, వాళ్ళెవరూ దీన్ని సేవ అనుకోలేదు. తాతైనా అనుకోవద్దూ? "మీ పేరు కూడా మైకులో చెబుతాం తాతా" అని కార్యదర్శిగారు బతిమాలతారు.

"పేరుదేముంది బాబూ," అంటాడు తాత, జేబులోంచి పానా తీస్తూ. "తొక్కేవాళ్ళని రమ్మనండి. ఎత్తు చూసి సీటు బిగిస్తా."

కార్యదర్శిగారు ఫోను తీసి వెతుకుతారు. దాతల జాబితా ఉంది. అతిథుల జాబితా ఉంది, ఎవరు ఎవరి పక్కన కూర్చోకూడదో వివరంగా. భోజనాల జాబితా ఉంది.