చిరుతిండి డబ్బా: కట్టుకోవడమా, కొనుక్కోవడమా?

(సాయంత్రం ఆకలికి తమ్ముడు రోజూ ఒక ప్రోటీన్ బార్ కొనుక్కుంటాడు. అక్క చిరుతిండిని ఇంట్లోనే డబ్బాలో సర్దుకుంటుంది. ముందే చెప్పేస్తున్నాను, నేను అక్క పక్షం. అయినా తమ్ముడి నోరు నొక్కలేదు.)

తమ్ముడు: అక్కా, కాగితం చింపితే చాలు 20 గ్రాముల ప్రోటీన్ చేతికి వస్తున్నప్పుడు, రాత్రి నానబెట్టి, పొద్దున ఉడకబెట్టి, చల్లార్చి డబ్బాకు ఎత్తుకునే ఈ శ్రమ ఎందుకో నాకు బోధపడదు.

అక్క: ఆ 20 గ్రాములు పొట్లం ముందువైపు చదివినవా, వెనకవైపు పట్టికలో చూసినవా?

తమ్ముడు: ముందువైపే. పెద్ద అక్షరాలతో వేశారు కదా.

అక్క: ముందువైపు రాత అమ్మేవాడి కోసం, వెనకవైపు పట్టిక తినేవాడి కోసం. ఆ అంకె 100 గ్రాములకు చెప్పినదా, ఒక్క బార్‌కు చెప్పినదా అన్నది మొదట చూడాలి. ఆ తరువాత పదార్థాల జాబితా చూడాలి. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది వెనక వచ్చేలా దాన్ని రాస్తారు కనుక, మొదటి రెండు మూడు పేర్లలో చక్కెరో పాకమో కనిపిస్తే అది ప్రోటీన్ కలిపిన మిఠాయి అన్నమాట. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్, కొల్లాజెన్ వంటి ప్రోటీన్లు కలిపితే గ్రాముల లెక్క పెరుగుతుంది గాని, శరీరం సొంతంగా తయారుచేసుకోలేని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్ కట్టుబడికి కావలసిన ఇటుకల్లో ఒకటి, వాటిలో ఉండదు. ఇవన్నీ చూశాక ధరను ప్రోటీన్ గ్రాములతో భాగించు. నా డబ్బాకూ అదే లెక్క వేద్దాం. ఉడికించిన కోడిగుడ్డు ఒకటి, దాదాపు 6 గ్రాములు. ఉడికించిన శనగలు 100 గ్రాములు, సుమారు 9 గ్రాములు. ఎండు శనగలు నాని ఉడికేసరికి రెట్టింపుకు పైగా తూగుతాయి కనుక నేను కొనేది అందులో సగం కూడా ఉండదు. వేయించిన వేరుశనగ గుళ్ళు 15 గ్రాములు, 4 గ్రాములకు కాస్త తక్కువ. మొత్తం 19. ఈ మూడింటికీ అయ్యే ఖర్చును నీ బార్ ధర పక్కన పెట్టి చూడు.

తమ్ముడు: ఖర్చు సంగతి ఒప్పుకుంటాను. కానీ నువ్వు ఒక అంకె దాచావు. వేరుశనగలో దాదాపు సగం బరువు నూనే. గుడ్డుకు 70 పైచిలుకు, శనగలకు 160, ఆ గుప్పెడు గుళ్ళకు 85 వేసుకుంటే నీ డబ్బా 320 కేలరీల దాకా పోతుంది. నా బార్ 220 దగ్గర ఆగుతుంది. ఇది చిరుతిండి కాదక్కా, చిన్న భోజనం.

అక్క: అది నిజమే. బరువు తగ్గాలనుకునేవాళ్ళు గుళ్ళు మానేసి, శనగలకు బదులు వెన్న తీసిన పాలతో తోడుపెట్టి గట్టిగా వడకట్టిన పెరుగు పెట్టుకోవచ్చు. అందులో 100 గ్రాములకు 9, 10 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, కేలరీలు 60 లోపే.

తమ్ముడు: ఆ పెరుగు సాయంత్రం దాకా సంచిలో ఏమవుతుందో కూడా చెప్పు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు చురుగ్గా పెరుగుతాయని, వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదని, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటకు మించి వద్దని చెబుతారు. పొద్దున ఎనిమిదింటికి కట్టిన గుడ్డును సాయంత్రం ఐదింటికి తినమంటున్నావు. నా బార్‌కు ఈ బెడద లేదు.

అక్క: లేదు. అందుకే ఫ్రిజ్ అందుబాటులో లేనివాళ్ళు సగం నీళ్ళు పోసి గడ్డకట్టించిన చిన్న సీసాను డబ్బాను ఆనించి పెట్టాలి, దానికి తోడు చల్లదనాన్ని నిలిపి ఉంచే మంచి సంచీ వాడాలి. అదీ కుదరని రోజున గుడ్డూ పెరుగూ మానేసి, వేయించిన శనగలు, వేరుశనగలు, గుమ్మడి గింజలు వంటి పొడి సరుకు పెట్టుకుంటే చెడిపోయేదేమీ ఉండదు.

తమ్ముడు: అంటే మళ్ళీ నూనె గింజలకే వచ్చాం. పోయిన నెల మొలకలు, మొలకలు అని ఇల్లంతా ఊదరగొట్టావే, అవేమయ్యాయి? మొలకెత్తితే ప్రోటీన్ రెట్టింపవుతుందన్నావు.

అక్క: పెరుగుతుందన్నాను గాని, రెట్టింపని అనలేదు.

తమ్ముడు: రెట్టింపనే అన్నావు. ఎండు పెసలలో 100 గ్రాములకు 24 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటే, పొడుగ్గా సాగిన మొలకల్లో అదే 100 గ్రాములకు 3 గ్రాములే. మిగిలినదంతా నీరు. గిన్నెడు మొలకలు తిని ప్రోటీన్ తిన్నానని మురిసిపోయావు.

అక్క: మొలకెత్తితే సి విటమిన్ వస్తుంది, ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది.

తమ్ముడు: నేను అడిగింది విటమిన్ గురించి కాదు. పచ్చి మొలకల తడిలో, వెచ్చదనంలో కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి కూడా మొలకెత్తుతుంది, అది మరిచిపోకు.

అక్క: ఆవిరి మీద ఉడికించే తింటున్నాను. (ఈ ఘట్టంలో అక్క ఓడిపోయింది, మొలకల గిన్నె ఆ తరువాత డబ్బాలో కనిపించలేదు.)

తమ్ముడు: అసలు పేచీ ఇంకొకటుంది. నీ లెక్కలో సరుకుల ధర ఉంది గాని నీ సమయానికి ధర లేదు. నానబెట్టేది, ఉడికించేది, డబ్బా కడిగేది ఎవరో ఒకరు. ఇంటి వంట చవక అనేవాళ్ళందరూ ఆ మనిషిని ఉచితంగా లెక్కవేస్తారు.

అక్క: ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే నేను ప్రతిరోజూ వండుతున్నానని నువ్వు అనుకుంటున్నావు. ఎలాగూ కుక్కర్ ఎక్కే రోజున పక్క గిన్నెలో శనగలు పెడతాను. మూడు నాలుగు రోజులకు సరిపడా ఫ్రిజ్‌లోకి, మిగిలినవి పొట్లాలుగా ఫ్రీజర్‌లోకి వెళ్తాయి. ఆరు గుడ్లు ఒక్కసారే ఉడికించి పెంకుతో ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటాయి. కాబట్టి రోజుకు నాకు పట్టేది డబ్బా నింపే రెండు నిమిషాలు, కడిగే ఇంకో నిమిషం. ఆ నిమిషం ఎవరిదన్నది మనిద్దరి మధ్య తగవు. దానిని బార్ ఖాతాలో లాభంగా రాయవద్దు. ఇంతకీ నీ సంచిలో ఇవాళ్టి బార్ ఉందా?

తమ్ముడు: ఉంది.

అక్క: వెనక్కి తిప్పి చదువు.

తమ్ముడు: ప్రోటీన్, 100 గ్రాములకు 20. బార్ బరువు 60 గ్రాములు. అంటే ఇందులో ఉన్నది 12.

అక్క: కేలరీలు?

తమ్ముడు: బార్‌కు 220.

అక్క: 220కి నీకు 12, 320కి నాకు 19. ఇప్పుడు ధరను 20తో కాకుండా 12తో భాగించి చెప్పు.

తమ్ముడు: ...శనగలు రాత్రికి ఎన్ని నానబెట్టాలి?